మీరంటే మీరన్న రెండు మంచెలు

సిరికోన రాజ్యంలో కబుర్లు మోసేవి గుర్రాలు కావు, చిలకలు. చిలకల మీద ముచ్చటకొద్దీ కొందరు కొండకొండకూ మంచెలు కట్టుకుని, జీతం బత్తెం లేకుండా వాటిని సాకేవారు. ఏ ఊరి కబురు ఏ మంచెకు పంపాలో ప్రతి మంచె కిందా రాతిపలక మీద చెక్కి ఉండేది. చిలక వాలగానే కాపరి పలక చూసి, ఫలానా మంచెకు పొమ్మని ఎగరేసేవాడు. ఒక వానాకాలం అలలమెట్ట దారిలోని వాగుదరి మంచె వరదలో కొట్టుకుపోయింది. అంతే, సముద్రపు ఒడ్డున ఉన్న అలలమెట్టకు కబుర్లు చేరడం ఆగిపోయింది. మంచుకొండ మంచె కాపరి ఒక రాక్షసుడు; అతనే చిలకల్ని మింగుతున్నాడని రాజుగారితో సహా అందరూ తీర్మానించేశారు.

దూరపు ఊళ్ళో తల్లితో ఉండే చెంగల్వ అనే పిల్లకు తండ్రి జోగన్న; ఆయన ఆ అలలమెట్టలోనే మంచె కాపరి. తల్లి మంచాన పడగానే చెంగల్వ చిలకకు నేర్పి పంపింది: "నాన్నా, అమ్మకి బాగోలేదు, వేగిరం రా." ఆయన రాలేదు. "మీ నాన్నకి కబురందిందా తల్లీ?" అని అడుగుతూ, గుమ్మం వైపే చూస్తూ తల్లి కన్నుమూసింది. చెంగల్వ గుండె చెరువైంది. రాక్షసుడి సంగతి తేల్చి, తల్లి పోయిన మాట తండ్రికి తానే చెప్పాలని సద్ది కట్టుకుని బయలుదేరింది.

ముళ్ళడవిలో పాదాలు చీరుకుపోయాయి. మొసళ్ళ మడుగు దాటడానికి సద్దిమూటంతా వాటికే వేయాల్సి వచ్చింది. ఆకలితో సోలిపోతూ రాళ్ళగుట్ట చేరింది. అక్కడి మంచె కాపరి ఒక ముసలి ముని. ఆయన ఇచ్చిన పండు ఇంకా కొరకనేలేదు, ఒక చిలక వాలి, "నాన్నా, అమ్మకి బాగోలేదు, వేగిరం రా" అంది.

"అయ్యో, ఇది నా చిలక!" అంది చెంగల్వ.

"రోజూ ఇదే కబురమ్మా! మళ్ళీ మళ్ళీ పంపుతున్నారు కాబోలనుకున్నా. వాగుదరి పోయాక మంచుకొండ అసురులవారికి పంపుతున్నా. అంతటివారుండగా నేను దారి చూపడం మర్యాదా?"

చెంగల్వ పావడా అంచు చింపి, ఎర్రదారం లాగి, చిలక కాలికి కట్టి మంచుకొండ వైపే వదిలింది. పొద్దువాలకముందే అదే చిలక, అదే దారంతో తిరిగొచ్చింది. ఆమె చిలకను చేత పట్టుకుని మంచుకొండకు పరుగు తీసింది.

"నా చిలకనెందుకు తిప్పి పంపావు? మిగతావాటిని మింగావా?" అని అరిచింది.

"నేనా! కందమూలాలు తప్ప ముట్టను తల్లీ," అన్నాడు రాక్షసుడు నొచ్చుకుని. "అలలమెట్ట కబుర్లన్నీ మునిగారికే పంపుతున్నా. పెద్దాయనను కాదని నేను ముందు నడవడమా?"

"మీ మర్యాదలు మండిపోను! మీరంటే మీరని మీరనుకుంటుంటే, అక్కడ మా అమ్మ ఎదురుచూసి ఎదురుచూసి పోయింది!"

రాక్షసుడు బావురుమన్నాడు. అతని కొండ మీంచి సముద్రం కనబడుతూనే ఉంది. పలక మీద పాత మాట చెరిపేసి, నేరుగా అలలమెట్టకే అని గోటితో చెక్కాడు. చిలకలన్నీ ఒక్కసారి లేచాయి. చెంగల్వను భుజాన ఎక్కించుకుని వాటి వెనకే పరుగెత్తాడు.

ఎర్రదారం చిలకే ముందు చేరింది. చెంగల్వ వెళ్ళేసరికి జోగన్న వేర్ల మందు మూట కడుతున్నాడు.

"నువ్వే వచ్చేశావా! పద పద, అమ్మకి బాగోలేదట!"

చెంగల్వ ఆయన చేతిలోంచి మూట తీసుకుంది. "నాన్నా, ఆ కబురు పాతది," అని ఆయన ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

రాజుగారు చెంగల్వను మంచెలన్నిటికీ పెద్దను చేశారు. నాటి నుంచి ప్రతి కాపరీ తన రంగు దారం చిలక కాలికి కట్టాలి. తన దారమే తిరిగొస్తే అక్కడే ఆపి, దారి సరిచూడాలి. మళ్ళీ ఏ కబురూ తప్పిపోలేదు. తండ్రీకూతుళ్ళు ఇంటికి చేరారు. ఆ చిలక మాత్రం నేర్చిన మాట మరవలేదు. చూరు మీద వాలి "వేగిరం రా" అన్నప్పుడల్లా జోగన్న, "వచ్చానే, వచ్చాను," అంటాడు.