నల్లగుడ్డ కప్పిన పుంజు

పూర్వం రాతికోట అనే రాజ్యం ఉండేది. ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరో మాంత్రికుడు కోపమొచ్చి పెట్టిన శాపం వల్ల, పొద్దు గుంకగానే కోటలో ఉన్న మనుషులందరూ రాళ్ళయిపోయేవారు. తెల్లవారుజామున రాజుగారి పుంజు బురుజెక్కి కూస్తే మళ్ళీ మనుషులయ్యేవారు. రాజుగారితో సహా అందరికీ అది అలవాటైపోయింది. పగలంతా పని, రాత్రంతా రాయి. దోమలు కుట్టే బాధ కూడా లేదు.

ఆ పుంజును సాకే మనిషి గౌరమ్మ. పుంజు ముసలిదైపోయింది. దాని వంశంలో మిగిలింది ఒక్క పడుచుపుంజే, రాగిరంగు ఈకలవాడు. పేరు రాగడు. వాడికింకా కూత రాలేదు. రాజ్యం ప్రాణమంతా వాడిమీదే ఉంది కనుక వాడికెక్కడ దిష్టి తగులుతుందోనని గౌరమ్మ భయం. గుడ్డులోంచి బయటపడ్డ నాటినుంచి వాణ్ణి గంప కింద పెట్టి, పైన నల్లగుడ్డ కప్పి, కడిగిన తెల్ల నూకలే వేసేది. ఆవిడ కూతురు పైడి ఇంకా జాగ్రత్త. గుడ్డ ఒక మూల తొలగితే చాలు, పరుగున వెళ్ళి సర్దేది.

ఒకనాడు రాగడు లేవలేదు. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాచి పక్కకు ఒరిగిపోయాడు. ఎత్తి నిలబెడితే కూలబడ్డాడు. ఇంత కప్పి ఉంచినా ఎవరి కన్నో పడిందని తల్లీకూతుళ్ళు ఏడ్చారు. పైడి వాణ్ణి బుట్టలో పెట్టుకుని, పైన అదే నల్లగుడ్డ కప్పి, పొరుగూళ్ళో ఉన్న ముసలమ్మ చేత దిష్టి తీయించడానికి వెళ్ళి ఆ రాత్రికి అక్కడే ఉండిపోయింది.

సరిగ్గా ఆ రాత్రే కోటలో ముసలిపుంజు చచ్చిపోయింది. మర్నాడు పైడి తిరిగొచ్చేసరికి బారెడు పొద్దెక్కినా కోటలో అలికిడి లేదు. వాళ్ళమ్మ రెండు చేతులా చేట పట్టుకుని, నూకలు చెరుగుతూ అలాగే రాయిగా ఉంది. పైడి ఆ చల్లని చేతులు పట్టుకుని గొంతు పోయేదాకా పిలిచింది. తర్వాత బుట్ట చంకన పెట్టుకుని అడవిదారి పట్టింది.

అడవిలో ఒక ముని కనిపించాడు. అంతా విని కళ్ళు మూసుకున్నాడు.

"అమావాస్యనాడు పొద్దు పొడిచేలోగా వీడు తన కాళ్ళమీద బురుజెక్కి కూయాలి తల్లీ. లేదంటే మీ అమ్మ ఇక రాయే" అన్నాడు.

"వీడికి కాళ్ళెట్టా వస్తాయి సామీ?"

"ఎండకొండ మీద నడిచే వేరు ఉంది. పో."

అప్పటికే చంద్రుడు సగానికి తరిగిపోయాడు. పైడి రాత్రనక పగలనక నడిచింది. ఒకచోట చెదలు తిని బతికే అలుగు అనే జంతువొకటి, ఏనుగంతది, ఒళ్ళంతా పొలుసులతో దారికి అడ్డంగా పడుకుని ఉంది. తన గోళ్ళు అరిగిపోయాయనీ, పక్కనున్న చెదలపుట్ట తవ్విపెడితే గాని కదలననీ అంది. పైడి వేళ్ళు నెత్తురోడేదాకా తవ్వింది. బుట్ట ఒరిగి రాగడు మట్టిలో పడ్డాడు. పడుకునే మెడ చాచి చెదపురుగులు ఏరుకు తిన్నాడు. అది చూసి సంతోషించే ఓపిక కూడా పైడికి లేదు.

తర్వాత వాగొడ్డున ఒక రాక్షసి, వక్కాకు నములుతూ. ఆవిడకు సున్నం అయిపోయిందట. నత్తగుల్లలు ఏరి, దంచి, కాల్చి ఇస్తే వాగు దాటిస్తానంది. పైడి ఏడుస్తూనే దంచింది. చిట్లిన గుల్ల ముక్కల్ని రాగడు టకటకా పొడుచుకు తిన్నాడు. కాళ్ళు మాత్రం రాలేదు.

చివరికి ఎండకొండ. చెట్టూ లేదు, నీడా లేదు. పైన ఒంటికన్ను రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. చంద్రవంక గోరంత అయ్యేదాకా రోజూ పుంజును గుడ్డ తీసి తన కన్నెదుట పెడితేనే వేరు సంగతి చెబుతానన్నాడు. మనిషి కన్నుకే మంచాన పడ్డవాడు రాక్షసుడి కన్నుకు బతుకుతాడా? వాడి బదులు తనను చూడమని బతిమాలింది. ఒప్పుకోలేదు. అమ్మ చేతిలో చేట గుర్తొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని నల్లగుడ్డ లాగేసింది.

రోజులు గడిచాయి. రాగడు ఎండలో రెక్కలు పరుచుకుని పడుకునేవాడు. ఒక ఉదయం మట్టి గీకిన చప్పుడైంది. పైడి తిరిగి చూసేసరికి వాడు వంకరకాళ్ళమీద ఊగుతూ నిలబడి ఉన్నాడు.

"తాతా, ఇక వేరు ఇయ్యి. గడువు లేదు నాకు" అంది పైడి.

రాక్షసుడు నవ్వాడు. "ఈ బండలమీద గడ్డే మొలవదు, వేరెక్కడిది? నడిచే వేరంటే కాలే కదే, పిచ్చిదానా. వేరుకైనా కాలికైనా మన్నూ ఎండా ఉండాలి."

"మరి నీ కన్ను?"

"అది గుడ్డిదై ఎన్నేళ్ళయిందో. వీణ్ణి చూసింది నేను కాదు, అదుగో, ఆయన" అని సూర్యుడి వైపు చెయ్యి చూపించాడు. "దిష్టి దిష్టి అని ఆయన చూపు కూడా పడనిచ్చావు కాదు."

పైడి తన చేతులకేసి చూసుకుంది. గుడ్డ మూలలు సర్దింది ఆ చేతులే. కానీ ఏడుస్తూ కూర్చునే వ్యవధి లేదు. వాణ్ణి ఎత్తుకుని వచ్చిన దారినే పరుగెత్తింది.

అమావాస్య తెల్లవారుజామున కోట చేరింది. మెట్ల దగ్గర రాగణ్ణి దించింది. వాడు ఎగిరాడు, పడ్డాడు. మళ్ళీ ఎగిరాడు, జారి కిందికి దొర్లాడు. ఎత్తుకుందామని చేతులు చాచి, ముని మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. తూర్పున ఎర్రబడుతోంది. అమ్మ అయిపోయిందనుకుని పైడి మెట్టుమీద తల పెట్టేసుకుంది.

పైనుంచి గొంతు బొంగురుపోయిన ఒక కీచుకూత వినిపించింది. అసలది కూత అనడానికి లేదు. పుట్టాక మొదటిసారి కూసినవాడికి అంతకంటే ఏం వస్తుంది!

వాకిట్లో చేట కదిలింది. నూకలు గలగలమన్నాయి. పైడి పరుగున వెళ్ళి వాళ్ళమ్మ నడుము చుట్టేసింది. గౌరమ్మ అయోమయంగా బురుజు వైపు చూసింది. అక్కడ రాగడు తొలి ఎండలో మెడ చాచి నిలబడి ఉన్నాడు.

"గుడ్డ కప్పకుండా అట్టా ఎక్కించావేమే? అందరి కళ్ళూ వాడిమీదే పడుతున్నాయి" అంది గౌరమ్మ.

"పడనియ్యవే అమ్మా" అంది పైడి, వెక్కి వెక్కి ఏడుస్తూ, నవ్వుతూ.

రాజుగారు పైడిని, రోజూ పుంజును కూయించే పని అప్పగించి, కోటకు వేకువ దొరసానిని చేశారు. శాపం అలాగే ఉంది, పుంజూ ఉంది, ఎవరికీ లోటు లేదు. ఆ నల్లగుడ్డను మాత్రం గౌరమ్మ పారేయలేదు. పైడి చెప్పినట్టు దాంట్లో తవుడూ గుల్లముక్కలూ మూటగట్టి, రోజూ పొద్దున్నే ఎండలో విప్పి రాగడి ముందు పరుస్తుంది.