ఒక్క గొదినా

పొద్దున సరిగ్గా పది గంటలకు బల్గేరియాలోని రూసే రేవులో ఒక కొరియర్‌ని కాల్చేశారు. ప్రాణం పోయేముందు అతను లుదోమిర్ చెవిలో చెప్పగలిగింది ఒక్కటే: తెల్ల స్టీమర్‌లో టైంబాంబు, గంటే వ్యవధి.

లుదోమిర్ పోలండ్ సీక్రెట్ ఏజెంట్. ప్రస్తుతానికి గడ్డం అంటించుకున్న పొగాకు వ్యాపారి. హోటల్ గదికి పరుగెత్తి, షేవింగ్ పెట్టెలో దాచిన ట్రాన్స్‌మిటర్ తీసి, రేవు సెక్యూరిటీ కెప్టెన్ బొజినోవ్‌కి మెసేజ్ కొట్టాడు. బల్గేరియన్ భాషలోనే కొట్టాడు. కంగారులో ఒక్క మాట మాత్రం సొంత భాషలోకి జారింది.

"చేతులు పైకెత్తు, బంగారం!"

గుమ్మంలో నెవెనా. నక్కతోలు కాలర్, చేతిలో బుల్లి పిస్తోలు. ఇటు కెప్టెన్‌కీ అటు బాంబు పెట్టినవాళ్లకీ పనిచేసే డబుల్ ఏజెంట్. నిమిషంలో అతని మణికట్టుకీ హీటర్ గొట్టానికీ సంకెల పడింది.

అంతలో ట్రాన్స్‌మిటర్ టకటకలాడింది. విని, నెవెనా పకపకా నవ్వింది.

"కెప్టెన్‌గారి జవాబు. 'అందింది. ఏడాది గడువుంది గనక సోమవారం ఫైలు తెరుస్తాం.'"

"ఏడాదా? నేను గంటన్నాను!"

"గొజీనా అన్నావు. మీకది గంట. స్పెల్లింగ్ తప్పనుకుని మావాడు గొదినా అని దిద్దుంటాడు. మాకది ఏడాది." ఆమె మంచం అంచున కూర్చుంది. "ఈ వృత్తిలోకి రాకముందు రెండేళ్లు మాటల పుట్టుకే చదివాను. ఈ రెండు మాటలూ ఒక తల్లి పిల్లలే. ఆ తల్లిమాటని ఎవరూ రాసిపెట్టలేదు. పిల్లల పోలికలు చూసి పండితులే దాని ముఖం గీశారు. తగిన వేళ అని అర్థం. మీరూ చెక్‌లూ దాన్ని గంట చేసుకున్నారు. మేమూ సెర్బులూ ఏడాది చేసుకున్నాం."

లుదోమిర్ సంకెల గుంజాడు. చర్మం చీరుకుపోయింది గానీ గొట్టం కదల్లేదు. అరిచాడు. ఆ అరుపు రేవు క్రేన్ల మోతలో కలిసిపోయింది. గోడ గడియారం పదీ నలభై ఐదు. పన్నెండేళ్ల సర్వీసులో ఇంత చేతకానివాడిలా ఎప్పుడూ కూర్చోలేదు.

"ఆ స్టీమర్‌లో ఎవరున్నారో తెలుసా?" అని అడిగాడు.

"తుపాకుల పెట్టెలు. మనుషులు లేరన్నారు."

"కిటికీలోంచి చూడు."

కింద డోలు మోగుతోంది. పెళ్లికూతురు గౌను ఎత్తిపట్టుకుని స్టీమర్ ఎక్కుతోంది. వెనక చుట్టాలు తోసుకుంటున్నారు.

"పెళ్లివిందుని మేం గొదీ అంటాం," అన్నాడు లుదోమిర్. "అదీ ఆ తల్లి బిడ్డేనా?"

పదీ యాభై. పదీ యాభై రెండు.

చటుక్కున నెవెనా ఫోను అందుకుంది.

"కెప్టెన్, నేను, మీ ఏజెంట్ పిచ్చుకని. ఏడాది కాదయ్యా, గంట! చాస్! ఒక్క చాస్! ఎనిమిది నిమిషాలే మిగిలాయి!"

తక్కినదంతా లుదోమిర్ కిటికీలోంచి చూశాడంతే. జవాన్లు పరుగెత్తారు. పెళ్లివారు తిట్టుకుంటూ దిగారు. ఎవరో ఒక డబ్బాని దాన్యూబ్‌లోకి విసిరారు. అది మునిగిందో లేదో, నీళ్లు మేడంత ఎత్తు లేచాయి.

వెనక్కి తిరిగేసరికి నెవెనా లేదు. సంకెల తాళంచెవి మంచం మీద ఉంది, అతని చేతికి అందకుండా జానెడు దూరంలో.

సాయంత్రం కెప్టెన్ బొజినోవ్ వచ్చి సంకెల విప్పాడు.

"ఈసారి టైము అంకెల్లో కొట్టండి ఏజెంట్‌గారూ," అన్నాడు కాస్త చిరాగ్గా.