ఎర్ర బటన్ మీద ఉప్పు

సోమవారం పొద్దున ఫ్లోరా నెల్లూరులోని డిటెక్టివ్ కరుణాకుమారి గారి ఆఫీసు మెట్లెక్కేసరికి, ఆవిడ సహాయకురాలు వెన్నెల తనలో తాను నవ్వుకుంటోంది. వెన్నెలకు పెళ్లయి మూడు వారాలు. మొన్న సాయంత్రం చారు పెట్టడం భర్తకు ఫోనులో చెప్పింది. ఉప్పు సంగతి చెప్పలేదు, ఆయన వేయలేదు. ఆ చప్పిడి చారునే ఇద్దరూ గిన్నె అడుగు కనపడేదాకా తిన్నారు.

ఫ్లోరా ముఖం చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఫ్లోరా భర్త లాజరస్ కోట ఊరి దగ్గర పెంచలకృష్ణ గారి రొయ్యల గుంటను పదకొండేళ్లుగా చూసుకుంటున్నాడు. నిన్న ఆదివారం మనవరాలికి పేరు పెట్టే ప్రార్థన ఉందని తెల్లవారుజామునే సెలవు మీద వెళ్లాడు. పదకొండు గంటలకల్లా గుంటలో రొయ్యలు ఊపిరాడక చచ్చిపోయాయి. నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయి ఉన్నాయి.

"కావాలనే ఆపి పోయినాడంటున్నారు మేడం. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే పోలీసు కేసంట. మా ఆయన అన్నం మానేసి కూర్చోనుండాడు."

మధ్యాహ్నానికి కరుణాకుమారి, వెన్నెల గుంట గట్టు మీద ఉన్నారు. నిన్న పట్టిన మబ్బు ఇంకా విడలేదు. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి కొడుతోంది. పెంచలకృష్ణ తన అనుమానాన్ని దాచుకోలేదు. నలభై రోజుల క్రితం ఈ పనంతా ఒక ఏఐ ఏజెంటుకు, అంటే మోటార్లనూ మేత యంత్రాన్నీ తనంతట తానే నడిపే కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగించాడు. అప్పటినుంచీ లాజరస్ ముభావంగా ఉంటున్నాడట. ఆ యంత్రాలను నడపడానికి ఏజెంటు వాడే ఆదేశాలను, అంటే టూల్స్‌ను తయారు చేసిన హెబ్రోను అనే కుర్ర ఇంజనీరు లాప్‌టాప్ తెరిచి చూపించాడు. రోజుకు మూడుసార్లు మేత, నలభై రోజులూ ఒకే వరస, ఆదివారం పొద్దున ఆరు గంటలకు కూడా అదే. ఎక్కడా తేడా లేదు కాబట్టి తప్పు మనిషిదేనని అతని వాదన.

కరుణాకుమారి ఏరేటర్ల మోటార్లకు కరెంటు ఇచ్చే స్టార్టర్ పెట్టె దగ్గరికి నడిచింది. "ఈ రెండు బటన్లూ ముట్టుకుని చూడు వెన్నెలా."

ఏరేటర్లు ఆపే ఎర్ర బటన్ మీద ఉప్పు తెల్లగా పేరుకుని వేలికి గరగరలాడింది. తిప్పే పచ్చ బటన్ మాత్రం అద్దంలా నున్నగా ఉంది. వెన్నెలకు ఏమీ అర్థం కాలేదు, కానీ మేడం కళ్లలో మెరుపు చూస్తే ఆమెకు ఎప్పుడూ సంతోషమే.

నాలుగు గంటలకు షెడ్డులో అందరూ కూర్చున్నారు. లాజరస్ ఒక మూల తల వంచుకుని ఉన్నాడు. మేత టూల్ గురించి హెబ్రోను ఏజెంటుకు రాసిచ్చిన వివరణను కరుణాకుమారి అతని చేతే కాగితం మీద రాయించి వెన్నెల చేతికిచ్చింది.

"నువ్వు గుంట ఎప్పుడూ చూడలేదనుకో. ఇందులో ఉన్నదే చెయ్యి."

"ఏరేటర్లు ఆపి మేత వేస్తుంది," అని వెన్నెల చదివింది. "ఆపేశాను. మేత వేశాను."

"తర్వాత?"

వెన్నెల కాగితం తిప్పి చూసింది. "ఇంకేం లేదు మేడం."

కరుణాకుమారి ఆ కాగితం తీసుకుని హెబ్రోను ముందు పెట్టింది.

"మేత కొట్టుకుపోకుండా గంటసేపు ఏరేటర్లు ఆపడం, ఆ తర్వాత మళ్లీ తిప్పడం ఈ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు," అంది కరుణాకుమారి. "అందుకే ఎవరూ రాయలేదు. ఏజెంటుకు ఊరు లేదు, రాసిందే దాని లోకం. నలభై రోజులూ అది ఆపింది, ఒక్కసారీ తిప్పలేదు. తిప్పిందెవరో, రోజూ వేలు పడి నున్నబడిన ఆ పచ్చ బటన్ చెబుతోంది. ఏజెంటు బటన్ నొక్కదు, తీగల ద్వారానే ఆపుతుంది; ఎర్ర బటన్ జోలికి మనిషెవరూ పోలేదని దాని మీది ఉప్పు చెబుతోంది. ఆదివారం ఏజెంటు ఎప్పటిలాగే చేసింది. లేనిది లాజరస్ ఒక్కడే."

హెబ్రోను ముఖం పాలిపోయింది. తిప్పడానికి వేరే టూల్ ఉందని, ఆపిన ఏజెంటే దాన్ని వాడుతుందనుకున్నానని గొణిగాడు.

"మరి నాకు చెప్పలేదేమయ్యా?" అన్నాడు పెంచలకృష్ణ లాజరస్ వైపు తిరిగి.

లాజరస్ మొదటిసారి తలెత్తాడు. "ఆపినావా అనే అడిగినారు గానీ, రోజూ ఏం చేస్తావని ఎవురడిగినారు సార్? అది ఆపుతాది, నేను తిప్పాలేమో అనుకున్నా. సెలవడిగితే, నువ్వు లేకపోయినా మిషను చూసుకుంటాది పోరా అంటిరి. చూసుకుంటాదనే పోయినా."

పెంచలకృష్ణ ఫోను తీసి, కేసు పెట్టడానికి స్టేషనుకు రావడం లేదని ఎవరికో చెప్పాడు. ఫ్లోరా కొంగుతో ముఖం కప్పుకుంది.

హెబ్రోను లాప్‌టాప్‌తో వచ్చి లాజరస్ పక్కన నేల మీద కూర్చుని కొత్త వివరణ రాసి వినిపించాడు. ఈ టూల్ ఏరేటర్లను ఆపుతుంది. తిరిగి తిప్పదు. గంట తర్వాత తిప్పే టూల్ వాడాలి, అవి తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. "ఇంకేమన్నా ఉందా అన్నా?"

లాజరస్ గుంట మీది ఆకాశాన్ని చూశాడు.

"మబ్బు పట్టిన పూట అసలు ఆపొద్దని రాయి."

"ఎందుకన్నా?"

"ఎండ లేకపోతే నీళ్లలో పాచి గాలి పుట్టించదు నాయనా. అది కూడా రాయి. దానికి మాత్రం ఎట్టా తెలస్తాది?"