తాత పుస్తకంలోని ఆరు గంటలు

సోమవారం పొద్దున ఆస్ట్రియాలో తుపాకుల తయారీకి పేరున్న ఫెర్లాఖ్‌లో సన్నగా వాన పడుతోంది. ఓట్మార్ వర్క్‌షాప్‌లో కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, వేలిగోరంత ఇనుప కొక్కేన్ని ఆకురాయితో రుద్దుతున్నాడు. అటవీ అధికారి కాస్ల్ తెచ్చిన తొంభై ఏళ్లనాటి వేట తుపాకీలో ట్రిగ్గర్‌ను పట్టి ఉంచే ముక్క అది. పాతది విరిగింది. అలాంటిది ఎక్కడా కొనడానికి దొరకదు, చేత్తో చేయాల్సిందే.

కూతురు హెమ్మ రొట్టెకు వెన్న రాస్తూ అడిగింది.

"ఎంత చెప్పావు నాన్నా?"

"మూడు వందల యూరోలు. ఆరు గంటల పని."

"ఆరేంటి? గురువారం నుంచీ దీన్నే పట్టుకుని కూర్చున్నావు! ఇళ్లు తుడిచేవాళ్లకు కూడా నీకంటే ఎక్కువే వస్తుంది."

"నీకెందుకే ఆ లెక్కలు? ఫ్యాక్టరీకి పో."

"పోను. ఉద్యోగం మానేసి ఇక్కడే పనిచేస్తానని ఎన్నిసార్లు చెప్పాను?"

ఓట్మార్ ఆకురాయి కింద పెట్టాడు. "ఇక్కడ ఏముందని? వచ్చే నెల వర్క్‌షాప్ అమ్మేస్తున్నాను. మాటలైపోయాయి."

హెమ్మ చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. పొయ్యి పక్కన బంగాళాదుంపల తొక్క తీస్తున్న నానమ్మ నోట్‌బుర్గా తలెత్తి చూసి, గిన్నె పట్టుకుని విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. నాలుగు తరాల వర్క్‌షాప్ అది.

"ఎవరినడిగి అమ్ముతున్నావు?" హెమ్మ కత్తి బల్ల మీద పడేసింది.

ఓట్మార్ సొరుగు లాగి ఒక డబ్బా తీసి బల్ల మీద బోర్లించాడు. పాడైపోయిన కొక్కేలు, పలకలు గలగలమని పడ్డాయి.

"చూడు. అన్నీ నేను చెడగొట్టినవే. మీ తాత పని లెక్కల పుస్తకంలో ఈ కొక్కేనికి ఆరు గంటలని రాసి ఉంది. నాకు ఇరవై దాటుతోంది. నా చేతకానితనానికి వచ్చినవాడు ఎందుకు డబ్బు కట్టాలి? మీ తాత పోయాక ఈ తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. నా చేతులు పనికిరావు హెమ్మా."

హెమ్మ ఆ ముక్కల్ని వేళ్లతో కదిపి చూసింది. తండ్రి మొండితనంతోనే అంత తక్కువ తీసుకుంటున్నాడనుకుంది. లోలోపల ఇంత సిగ్గు మోస్తున్నాడని కలలో కూడా అనుకోలేదు.

రెండు వారాలు సెలవు పెట్టింది. "ఆ ముక్క నేను చేస్తాను, నువ్వు ముట్టుకోకు," అని తండ్రి కుర్చీలో కూర్చుంది. తుపాకుల తయారీ నేర్పే బడిలో ఆమెదే మొదటి స్థానం. చేయి రాయిలా నిలుస్తుంది. అయినా మొదటి కొక్కెం ఒక వెంట్రుకవాసి ఎక్కువ అరిగింది. రెండోది కాల్చి గట్టిపరిచేటప్పుడు చిట్లింది. మూడోది కుదరలేదు. రెండో శుక్రవారం మధ్యాహ్నం నాలుగోది టక్కున కూర్చుంది.

"ఈ ఒక్కదానికే పంతొమ్మిది గంటలు నాన్నా. పాడైన మూడూ లెక్కలోకి తీసుకోలేదు."

ఓట్మార్ నిర్ఘాంతపోయాడు. "మరి మా నాన్నకు ఆరెలా సరిపోయింది?"

"ఆరేంట్రా?" అంది వంటింట్లోంచి నోట్‌బుర్గా. "మన పనివాడు ఫ్రాంజ్ ఇనుము కోసిచ్చేవాడు. స్లావ్కో దానికి ఆకారం తెచ్చేవాడు. చివర్లో మీ నాన్న కూర్చుని సరిచేసి, తన గంటలు మాత్రం రాసుకునేవాడు. వాళ్లిద్దరి జీతాలు నేను వేరే పుస్తకంలో రాసేదాన్ని. నువ్వప్పుడు పక్కగదిలో తుపాకుల కర్రపని చేసుకునేవాడివి, నీకేం తెలుసు?"

"ఇన్నేళ్లూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వెప్పుడు అడిగావురా? రాత్రీ పగలూ తలుపేసుకుని కూర్చుంటే, పని ఎక్కువుందనుకున్నాను."

ఓట్మార్ తన అరచేతుల వైపు చూసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. హెమ్మ ఆ రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది. నోట్‌బుర్గా లేచొచ్చి, ఏప్రన్ అంచుతో కొడుకు ముఖం తుడిచింది.

కాస్ల్ దగ్గర మాటిచ్చినట్టు మూడు వందలే తీసుకున్నారు. సోమవారం గ్రాట్స్ నుంచి ఇంకొకాయన అలాంటి కొక్కేనికే వస్తే, ఓట్మార్ గొంతు సవరించుకుని, "తొమ్మిది వందల యాభై," అన్నాడు. ఆయన అదిరిపడి, తుపాకీ సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఓట్మార్ ముఖం పాలిపోయింది.

"పోనీలే నాన్నా. అసలు ధర తెలిసి వచ్చేవాళ్లే మనకు కావాలి."

ఓట్మార్ పాత లెక్కల పుస్తకం మూసేశాడు. తర్వాత వర్క్‌షాప్ కొంటానన్న మనిషికి ఫోన్ చేశాడు.

"ఏమనుకోకండి, అమ్మడం లేదు," అన్నాడు. "మా అమ్మాయి పనిలోకి వస్తోంది."