వెంట్రుక ఊడని కుక్కపిల్ల

తెల్లారగానే జైనాబ్ బీ ఒక కర్ర పట్టుకుని దూది కుప్పను పొడిచి చూసేది. పొయ్యి సంగతి ఆ తర్వాతే. ముందు ఈ మూల, తర్వాత ఆ మూల, ఆఖరున చాప కింద. అంతా చూసి, "ఇంక రావే" అని పిలిస్తేనే మనవరాలు మస్తాన్ బీ గడప దాటాలి. ఆ ఐదేళ్ళ పిల్ల గడపలో ఒంటికాలి మీద గెంతుతూ పిలుపు కోసం కాచుకుని ఉండేది.

నరసరావుపేటలో వాళ్ళది దూదేకే ఇల్లు. ముందు గది నిండా దూది, వెనక గదిలో సంసారం. కొడుకు నాగూర్ వలి విల్లు పట్టి దూది ఏకుతాడు. కోడలు అబిదా పరుపులూ బొంతలూ కుడుతుంది. దూది ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. పది రోజుల కింద మిట్టమధ్యాహ్నం ఆ దూదిలో ఆదమరిచి నిద్రపోతున్న మస్తాన్ బీ తలకు జానెడు దూరంలో కట్లపాము పాకింది. నాగూర్ వలి దాన్ని కొట్టి చంపాడు. జైనాబ్ బీ గుండెలో మాత్రం అది ఇంకా పాకుతూనే ఉంది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. రైలు స్టేషన్లో ఉండే గార్డు దొర బదిలీ మీద పోతూ తన కుక్కనూ దాని పిల్లలనూ పక్కనే ఉండే రాఘవయ్య గారింట్లో వదిలిపోయాడన్న సంగతి అబిదా చెవిన పడింది.

"అత్తా, చిన్న కుక్కపిల్లను తెచ్చుకుందాం. ఎలకల్ని పడద్ది. ఎలకే లేకపోతే పాముకి మనింట్లో ఏం పని?"

జైనాబ్ బీ చేతిలో గరిటె ఆగిపోయింది. "కుక్కా? ఈ ఇంట్లోకా?"

"మరి పిల్లిని తెద్దామంటే అది దూదిలోనే పొర్లుద్ది, దూదిలోనే ఈనుద్ది. నీకు కుక్కంటే భయం, నాకు పామంటే భయం. మధ్యలో పిల్ల ఏమైపోవాల?"

నాగూర్ వలి తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. తన అన్న మహమూద్ ఏడేళ్ళ వయసులో పిచ్చికుక్క కరిచి పోయాడని అతనికి తెలుసు, పెళ్ళయి వచ్చిన అబిదాకూ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

జైనాబ్ బీ ఆలోచించి ఒక మెలిక పెట్టింది. "సరే. వెంట్రుక ఊడని కుక్క అయితేనే. కొత్త పెళ్ళికూతురి పరుపులో ఒక్క కుక్క వెంట్రుక కనపడిందా, మన బతుకు బజార్న పడద్ది."

ఉప్పు లేని సముద్రాన్ని అడిగినట్టే అడిగింది ఆవిడ. అలాంటి కుక్క లోకంలో ఉండదని ఆవిడ ధీమా.

మర్నాడు అత్తాకోడళ్ళు రాఘవయ్య గారింటికి వెళ్ళారు. ఆయన భార్య సుబ్బరత్నం గంప ఎత్తగానే మూడు పిల్లలు బయటికి దొర్లాయి. ఒకటి పొడుగు బొచ్చుది. ఒకటి నున్నటి పసుపుపచ్చది. మూడోది మేకపిల్లంత కూడా లేదు, ఒళ్ళంతా గోధుమరంగు ఉంగరాల జుట్టు.

"పచ్చదాన్ని తీసుకుందాం అత్తా. దానికి బొచ్చే లేదు, ఇంక ఊడేదేముంది?" అంది అబిదా.

జైనాబ్ బీ కొంగుముడి విప్పి ఏకిన దూది తీసింది. దూదికి తెలియని వెంట్రుక ఉండదు. ఒక పింజతో పచ్చదాని వీపు నిమిరి ఎండకు పట్టి చూపింది. సూదుల్లాంటి పొట్టి వెంట్రుకలు పదీ పన్నెండు. పొడుగు బొచ్చు దాన్ని నిమిరిన దూది కంబళిలాగా అయింది. హమ్మయ్య, ఇంకొక్కటి, ఇంటికి పోవచ్చు అనుకుంది. మూడో పింజతో ఉంగరాల పిల్లను నిమిరింది. ఒకసారి, రెండుసార్లు, ఎదురుబొచ్చుకు ఒకసారి.

దూది తెల్లగానే ఉంది.

"ఊడింది కూడా ఆ ఉంగరాల్లోనే చిక్కుకుంటది అక్కా. దొరసాని రోజూ పెరట్లో కూచుని దువ్వేది, కింద రాలనిచ్చేది కాదు" అంది సుబ్బరత్నం.

తను తవ్విన గోతిలో తనే పడింది జైనాబ్ బీ. మాట తప్పలేక ఉంగరాల దాన్నే ఇంటికి తెచ్చింది. నమాజు చేసుకునే చాప దగ్గరికి అది రాకూడదు, పిల్ల దాన్ని ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి అని మాత్రం గట్టిగా చెప్పింది. మస్తాన్ బీ దానికి బొంత అని పేరు పెట్టింది. దూదేకుల పిల్ల ఇంకేం పేరు పెడుతుంది!

మూడు వారాల్లో బొంత ఏడు ఎలుకల్ని పట్టింది. పరుపుల్లో వెంట్రుక కనపడలేదు. అబిదా మొహం తేటపడింది. జైనాబ్ బీ మాత్రం పిల్లనూ కుక్కనూ ఒకచోట చూసినప్పుడల్లా ఊపిరి బిగబట్టేది. అది ఆవలించినా ఆవిడకు పళ్ళే కనపడేవి.

ఆ రోజు పొద్దున నాగూర్ వలి ఇల్లు పీకి పందిరేశాడు. "విల్లుకి కట్టుకుందామని కొత్త నరం పేని దండెం మీద ఆరేశా. ఏదీ? ఎవురు తీశారు?"

మేక పేగును ఎండబెట్టి పేనిన నరం అది. అది లేనిదే విల్లు పలకదు. ఎంత వెతికినా దొరకలేదు. ఎలుకలే లాక్కుపోయాయని తిట్టుకుంటూ పాత నరమే బిగించుకుని, పక్క బజారులో పెళ్ళివారింటికి దూది ఏకడానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మస్తాన్ బీ పెరట్లోంచి వచ్చింది. కుడి చెయ్యి వెనక్కి దాచుకుని ఉంది.

"చెయ్యి చూపియ్యవే" అంది జైనాబ్ బీ.

"పడ్డా నాయనమ్మా."

"చూపియ్యి!"

బొటనవేలి పక్కన రెండు ఎర్రటి చుక్కలు. చిన్నవే, ఆవగింజంత. ఇలాంటి రెండు చుక్కల్నే ఆవిడ ఇదివరకు ఒకసారి చూసింది.

"బొంత నోరు నొప్పంటంది. చూద్దామని చెయ్యి పెట్టా. ఊరికే పట్టుకుంది, గట్టిగా ఏం కాదు" అంటూ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

పెరట్లో కుక్కిమంచం కింద బొంత ఉంది. తల విదిలిస్తోంది, ముంగాళ్ళతో మొహం గీరుకుంటోంది. చొంగ నేలదాకా కారుతోంది. నోటి చుట్టూ తెల్లగా నురగ.

"అబిదా!" అని జైనాబ్ బీ అరిచిన అరుపుకి బజారంతా కదిలింది. పక్కింటి వీరాంజనేయులు గునపంతో పరుగెత్తుకొచ్చాడు. "అందరూ లోపలికి పోండి. పిచ్చెక్కింది దానికి. ఒక్క పోటు పొడిస్తే సరి."

అబిదా పిల్లను చంకనెత్తుకుని గడపలో కూలబడింది. "సూదులంట అత్తా, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంట! గుంటూరు పోవాలంట! ఈ పసిది ఎట్టా తట్టుకుంటది?" అని ఏడుస్తూ, ఆ ఏడుపులోనే ఒక్కసారిగా తిరగబడింది. "నువ్వేగా ఎంచింది! నేను పచ్చదాన్ని అన్నా. నువ్వేగా దూదితో నిమిరి మరీ దీన్ని ఇంటికి తెచ్చింది!"

ఆ మాట జైనాబ్ బీకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"అవునే, నేనే తెచ్చా" అంది. "ఆనాడు చంపుకుందీ నేనే."

అబిదా ఏడుపు ఆగింది.

"మహమూద్‌ను కుక్క కరిచిందని మీ మామకు నేను చెప్పలా. వీధిలోకి ఎందుకు పంపావని కొడతాడని భయం. చిన్న గాటేగదా అనుకున్నా. పసుపు అద్ది గుడ్డ కట్టా. పడ్డాడని చెప్పా. నలభై రోజులకి..." ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "నీళ్ళ చెంబు చూపిస్తే గొంతు పట్టుకుని గోడలోకి జరిగాడు నా బిడ్డ. దాహం అమ్మా అంటాడు, చెంబు తెస్తే వణికిపోతాడు. గుక్కెడు నీళ్ళు తాగకుండా పోయాడే."

పెరట్లో వీరాంజనేయులు గునపం ఎత్తాడు. అప్పుడే బొంత మంచం కిందనుంచి పాకుతూ వచ్చి, కుడితి తొట్టి పక్కనున్న నీళ్ళ మూకుడులో మూతి పెట్టింది. నాలుక ఆడించింది. మింగలేక కుయ్యిమంది. మళ్ళీ మూతి పెట్టింది.

"ఆగు ఆంజనేయులూ!"

జైనాబ్ బీ కళ్ళు ఆ మూతి మీదే ఉన్నాయి. గాలి వీచింది. కుక్క నోటి పక్కనుంచి నురగ ముక్క ఒకటి విడిపోయి, పైకి లేచి, తేలుతూ వచ్చి గడప మీద వాలింది.

నురగ ఎగరదు. ఎగిరేది దూది.

ఆవిడ ఒక పాత దుప్పటి చేతులకు చుట్టుకుని మెట్టు దిగింది. "వొద్దు పిన్నీ, నీకేమన్నా మతి పోయిందా?" అని వీరాంజనేయులు అరిచాడు. "అత్తా!" అని అబిదా అరిచింది. భయం తగ్గి దిగలేదు ఆవిడ, భయపడుతూనే దిగింది. కుక్కపిల్లను దుప్పటితో కప్పి ఒళ్ళో అదిమి పట్టి, మందపాటి గుడ్డ చుట్టిన వేళ్ళతో దవడ తెరిచింది. వెనక పళ్ళ సందున ఏదో బిగుసుకుని ఉంది. పట్టి లాగింది. రాలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ లాగింది. తడిసిన దూది ముద్దతో పాటు జానెడు పొడుగున పేనిన నరం బయటికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే కబురంది ఉరుక్కుంటూ వచ్చిన నాగూర్ వలి వాకిట్లో నిలబడిపోయాడు. "నా నరం!" అన్నాడు.

మేక పేగు రుచి మరిగి దండెం మీదిది లాక్కుని, దూది కుప్ప వెనక చేరి నమిలింది దొంగముండ. ఇప్పుడేమో మూకుడు ఖాళీ చేసేలా గటగటా తాగుతోంది. వీరాంజనేయులు గునపం దించి నవ్వాడు. అబిదా ఏడుస్తూనే నవ్వింది.

జైనాబ్ బీ నవ్వలేదు. "జట్కా పిలువురా. పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవాల."

"నరమేగా అత్తా? ఇంకెందుకు, చిన్న గాటేగా?"

"ఆనాడు నేనూ అదే అన్నానే!"

జట్కాలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆవిడే కూచుంది. ఊళ్ళో డాక్టరు గాయం సబ్బుతో కడిగించి, అంతా విని, కుక్కను పది రోజులు కట్టేసి చూడమన్నాడు. ఏ మాత్రం తేడా కనిపించినా అదే పూట గుంటూరు పోయి సూదులు వేయించాలన్నాడు.

ఆ పది రోజులూ ఎట్లా గడిచాయో జైనాబ్ బీకే తెలియాలి. తెల్లారగానే దూది కుప్ప పొడిచేది, ఆ వెంటనే మూకుడులో నీళ్ళు పోసి కుక్క ముందు పెట్టేది. అది నాలుక చాచేదాకా ఊపిరి తీసేది కాదు. ఐదో రోజు అది ఎండకు సోలి ఆలస్యంగా లేచిందని, నాగూర్ వలిని నిద్రలేపి జట్కా మాట్లాడమని పంపేసింది కూడా. నాలుగో రోజు నుంచే అబిదా పక్కన వచ్చి కూచోవడం మొదలుపెట్టింది. అత్త చెయ్యి పట్టుకుని తనూ ఆ నాలుక వంకే చూసేది.

పదకొండో రోజు పొద్దున బొంత నీళ్ళన్నీ తాగి, మూకుడు బోర్లించి, తోక ఊపింది. అబిదా తాడు విప్పింది. అది ఉరికి వెళ్ళి మస్తాన్ బీ కాళ్ళకు చుట్టుకుంది.

"చేతులు కడుక్కో" అంది జైనాబ్ బీ అలవాటుగా.

పిల్ల చేతులు కడుక్కుని వచ్చి ఒళ్ళో కూచుంది. "నాయనమ్మా, మహమూద్ అంటే ఎవురు? ఆ రోజు ఏడ్చావుగా."

అబిదా గాభరాగా పిల్లను వారించబోయింది. జైనాబ్ బీ చెయ్యెత్తి ఆపింది.

"మీ పెదనాయనే."

"మా నాయన కంటే పెద్దోడా?"

జైనాబ్ బీ పిల్ల తల నిమిరింది.

"లేదమ్మా. నీ కంటే రెండేళ్ళు పెద్ద" అంది. ఇరవై రెండేళ్ళు దాచుకున్న ఏడుపంతా ఆ మాట వెంట వచ్చేసింది. అబిదా పక్కన చేరి, ఆవిడ తలను తన భుజానికి ఆనించుకుంది.