ఊపిరి ఉన్నవాళ్ల కుర్చీ

కామేశు కోటుకు తగిలించిన చిన్న పరికరంలో దీపం వెలిగింది. ఎదుటి గోడమీద తెర వెలిగింది. అతను ఆ డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్.

"ఇప్పుడు రోజూలాగే మాట్లాడు," అంది డాక్టర్ సుభాషిణి. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఆవిడే.

కామేశు గుమ్మం దగ్గర తన వంతు కోసం నిలబడ్డ రోగి దాలమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఈవేళ కాస్త అడ్జస్ట్ అవ్వు. రేపు చూద్దాం."

తెరమీద రెండు లైన్లు పడ్డాయి. అన్నవారి భావం: మీ వంతు ఇంకొకరికి ఇచ్చేశాం. విన్నవారి స్పందన: ఒప్పుకుంటున్నారు. రెండో లైను పక్కన ఆకుపచ్చ రంగు.

ఈ యంత్రం సంగతి కాస్త విడమరచి చెప్పాలి. అడ్జస్ట్ అనే ఇంగ్లీషు మాట మన దగ్గర ఎన్ని పనులు చేస్తుందో చూడండి. మెకానిక్ బ్రేకు అడ్జస్ట్ చేశాడంటే బిగించాడని. దర్జీ జాకెట్టు అడ్జస్ట్ చేశాడంటే వదులు చేశాడని. బస్సులో అంటే జరగమని. కొత్త కోడలితో అంటే నోరు మూసుకోమని. కూర్చున్నవాడు నిలబడ్డవాడితో అంటే మాత్రం ఒకటే అర్థం, నష్టం నీదని. ఆ మాట అన్నప్పుడు గొంతులో పుట్టే కంపనాలను సెన్సర్ పట్టుకుని అసలు భావం తెరమీద రాస్తుంది. వినేవాళ్ల ఊపిరినీ కొలుస్తుంది. ఎదురు తిరగబోయే మనిషి ముందు గట్టిగా ఊపిరి పీలుస్తాడు. లొంగిపోయేవాడు ఉన్నది వదిలేస్తాడు. మనసులో మాట పదిమంది ముందు గోడకెక్కితే, అనేవాళ్లు సిగ్గుపడి మానేస్తారని సుభాషిణి నమ్మకం.

"నాను ఒప్పుకున్నానని దానికెవులు సెప్పినారు?" అంది దాలమ్మ, వాచిన పాదాలు చూసుకుంటూ.

సూపరింటెండెంట్ లోకనాథంగారు మొదటి లైనును పట్టించుకోలేదు. "అయితే ఎవరు గొడవ చెయ్యరో ముందే తెలిసిపోతుందన్నమాట," అన్నారు.

ఎవరూ సిగ్గుపడలేదు. పలుకుబడి ఉన్నవాళ్ల మనిషి వచ్చినప్పుడల్లా కామేశు వరుసలో ఒక్కొక్కరితో ఆ మాట అనేవాడు. ఎవరి దగ్గర పచ్చ పడితే వాళ్ల డయాలసిస్ కుర్చీ ఆ మనిషికి పోయేది. ఫిర్యాదులు తగ్గాయి. యంత్రానికి పూలదండ కూడా వేశారు.

"ఆ రెండో లైను తీసేస్తానండి," అంది సుభాషిణి.

"దానికోసమే కొన్నామమ్మా. అది తీసేస్తే మిగిలేది మమ్మల్ని తిట్టే లైనేగా?" అన్నారు లోకనాథంగారు.

దాలమ్మకి మళ్లీ వంతు పోయింది. పడుకుంటే ఆయాసం. రోగులు కిటుకు కనిపెట్టారు, గట్టిగా ఊపిరి పీల్చి తిడితే పచ్చకి బదులు ఎరుపు పడుతుందని. గేటు బయట టీ బడ్డీ దగ్గర తిట్లు సాధన చేయసాగారు. మంచితనం ఉన్నవాళ్లకే కష్టమైపోయింది.

"ఆ గొంతుకి పచ్చే పడతాది గానీ, నీ తోటికోడల్ని తలుసుకోవే," అని నేర్పాడు అప్పలస్వామి. వరుసలో ఆమె తర్వాత ఉండే ముసలాయన అతను. నాలుగు మాటలకోసారి ఆగి ఆయాసపడుతున్నాడు.

ఆ మర్నాడు కామేశు మాట పూర్తవకుండానే దాలమ్మ అందుకుంది. "నీ కళ్లు కాలిపోను, నానేల అడ్జస్ట్ అవ్వాలిరా? నా నెత్తురు అడ్జస్ట్ అవుతాదేటి?"

ఎరుపు పడింది. కుర్చీ ఇచ్చారు, సూదులు గుచ్చారు.

కామేశు అదే మాట అప్పలస్వామితో అన్నాడు. ముసలాయన నోరు తెరిచాడు. అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయి ఉంది. తిట్టడానికి గాలి లోపలికి రాలేదు. ఉన్న కాస్తా బయటికి పోయింది.

ఒప్పుకుంటున్నారు, అని పచ్చగా పడింది.

"ఒప్పుకోనేదురా, ఆయనకి ఊపిరాడతం నేదు," అని అరిచింది దాలమ్మ. చేతికి గొట్టాలు, లేవలేకపోయింది. తెర మారలేదు. కామేశు ఆ మాట అన్నది ఆమెతో కాదు కాబట్టి ఆమె కోపం దానికి లెక్కలోకి రాదు.

"స్పష్టంగా రాసుందిగా," అన్నారు లోకనాథంగారు. ముసలాయన కూర్చున్న చక్రాల బల్లను గుమ్మం వైపు తిప్పారు.

సుభాషిణి గోడకి ఆనుకుని తెర వంకే చూస్తోంది.

"నువ్వేటి సూస్తన్నావు డాక్టరమ్మా," అంది దాలమ్మ. "నీకు ఊపిరుంది కదేటి."