ఊదొత్తులు ఆరకముందే తెచ్చిన సారా

ఈ మాట ఇప్పటిదాకా నోటితో అనలేదు. కొండచిలువ మా అన్న మెడకు చుట్టుకున్నప్పుడు నాకు మొదట కలిగిన భయం అన్న గురించి కాదు. దాని పళ్ళు విరిగిపోతాయేమోనని.

మా చాంద్రమాన పంచాంగంలో ఏడో నెల పున్నమి, మధ్యాహ్నం. తైవాన్‌లోని తైనాన్‌లో మా సందంతా బల్లలు వేసి, దిక్కులేకుండా చచ్చినవాళ్ళకు భోజనం పెడుతున్నారు. ఆ నెలలో మేం వాళ్ళను దెయ్యాలు అనం. "మంచి అన్నదమ్ములు" అంటాం. కింది ఇంటి అ-జిన్ పిన్ని బల్ల మీద ఉడికించిన కోడి, పళ్ళు, బియ్యపు సారా సీసా. ఊదొత్తుల పొగ మూడో అంతస్తులో నా గది దాకా వచ్చింది.

అన్న బొ-వెయ్ నాకు సాయం చేయడానికే వచ్చాడు. నా కొండచిలువ పేరు నూడుల్సు. నాలుగు మీటర్ల ఆడది. దాన్ని గాజు పెట్టెలోంచి తీసి శుభ్రం చేయాలి. అంత పామును ఒంటరిగా ముట్టుకోకూడదు. పైగా కుబుసం విడిచే రోజులు. కళ్ళు పాలు పోసినట్టు మసకబారి, నీడ కదిలినా బుస కొడుతోంది.

చేతులు కడుక్కోమన్నాను. పైకి వచ్చే ముందు పిన్ని బల్ల మీదికి కోడిని మోసింది వాడే మరి, ఆ వాసనకు పాము చేతినే తిండి అనుకుంటుంది. ముందు కొక్కెం కర్రతో వీపు మీద తట్టాలని, అలా తడితేనే లోపలికొచ్చింది తిండి కాదని దానికి తెలుస్తుందని కూడా చెప్పాను.

"పెళ్ళిచూపులకైనా ఇంత జాగ్రత్త పడవు కదే నువ్వు," అన్నాడు నవ్వుతూ. అద్దం పక్కకు జరిపి, ఒట్టి చెయ్యి లోపల పెట్టాడు.

చప్పుడు మాత్రం విన్నాను. తడిబట్టను గోడకేసి కొట్టినట్టు...

ముంజేతిని పట్టేసింది. దాని బరువంతా ఒక్కసారిగా జారి అన్న మీద పడింది. చెయ్యి. భుజం. మెడ. లాగొద్దన్నాను. దాని పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మాంసం చీలుతుంది. అన్న లాగాడు. చర్మం చిరిగింది. గోడ మీద నెత్తురు చిందింది. తోక దగ్గర్నుంచి విప్పబోయాను. నేనొక చుట్టు విప్పేలోపు అది రెండు బిగించింది. అన్న పెదాలు నల్లబడుతున్నాయి.

నోటి మూలలో సారా పోస్తే వదులుతుంది. నా గదిలో లేదు. కింద ఉంది.

మెట్లు ఎలా దిగానో తెలీదు. సీసా అందుకోగానే పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

"ఊదొత్తులు ఇంకా ఆరలేదే పిల్లా," అంది గొంతు తగ్గించి. "వాళ్ళింకా తింటున్నారు. విస్తరి ముందు నుంచి లాక్కుంటావా?"

తోసేశాను. ఆమె తల బల్ల అంచుకు తగిలిన చప్పుడు... వెనక్కి చూడలేదు.

పైకొచ్చి పోశాను. దవడ సడలింది. తోక నుంచి ఒక్కో చుట్టూ విప్పాను. అన్న నేలకు జారి, ఈల వేసినట్టు ఊపిరి పీల్చాడు. బతికాడు అనుకున్నాను.

అప్పుడు పాము తలెత్తి, నా వెనక గుమ్మం వైపు తిరిగింది.

అక్కడ ఎవరూ లేరు. కాలువ బురద వాసన మాత్రం మెట్ల మీదుగా లోపలికొచ్చింది. పాము విసురుగా దూకింది. గాలిని కరిచింది. గాలికే చుట్టుకుంది. నా భుజమెత్తున నిలబడ్డ చుట్లు... మధ్యలో ఖాళీ. మనిషి పట్టేంత ఖాళీ. బిగించింది. లోపల ఏవో పటపట విరిగాయి. దానికి మేత వేసేదాన్ని, ఎముకలు విరిగే చప్పుడు నాకు కొత్త కాదు. తర్వాత నోరు తెరిచి, తల వైపు నుంచి, ఆ ఖాళీని మింగడం మొదలుపెట్టింది. గొంతు ఉబ్బింది. భుజాల దగ్గర కాసేపు ఆగింది. మళ్ళీ సాగింది.

ఆసుపత్రిలో అన్న ముంజేతికి పొడుగునా కుట్లు వేశారు. పిన్ని తలకు కట్టు కట్టించుకుని, నాతో మాట్లాడటం మానేసింది. అన్న కావ్‌శ్యుంగ్‌లో అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ నెల గడిచిపోయింది. నూడుల్సు పొట్టలో ఉబ్బు తగ్గలేదు.

ఇవాళ అమ్మ మెసేజ్ పెట్టింది. అన్న బాగా తింటున్నాడట, ఎంత వడ్డించినా వద్దనడట. పేరు పెట్టి పిలిస్తే మాత్రం కాసేపాగి పలుకుతున్నాడట. చెయ్యి ఎంత చక్కగా మానిందో చూడమని ఫోటో కూడా పంపింది. ముంజెయ్యి నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు. కుట్ల గుర్తు కూడా లేదు.

పెట్టె తెరిచాను. కర్రతో తట్టి, ఉబ్బు మీద అరచెయ్యి ఆనించాను. పాము ఒళ్ళు చల్లగా ఉంది. ఉబ్బు వెచ్చగా ఉంది. వేళ్ళతో తడిమాను. పొలుసుల కింద ఒక ముంజెయ్యి... దాని పొడుగునా చిన్న చిన్న ముడులు. దారం ముడులు. ఆ కుట్లు పాము మింగిన తర్వాత పడినవి, అయినా అన్న చెయ్యి ఇక్కడే ఉంది. అది మెల్లగా కదిలింది. నా చేతి కోసం వెతుకుతున్నట్టు.

కావ్‌శ్యుంగ్‌లో ఆ ఇంట్లో ఇప్పుడు ఉన్నది అమ్మ, అన్న ఒంట్లో చేరిన అతను. ఇద్దరే.

ఫోన్ చేస్తాను. ఇప్పుడే చేస్తాను. అమ్మే ఎత్తాలి... అతను కాదు.